ముప్పై అయిదేళ్ళ వరకు

తటవర్తి ఉమాకాంతం మాస్టారి యవ్వనం ఆగస్టు పన్నెండో తారీకు సాయంత్రం అయిదు గంటలకు ముగిసిపోతుంది. ఈ సంగతి ఆయనకు జూన్ నెలలో రిజిస్టర్డు పోస్టులో తెలిసింది. అప్పటికి ఆయనకు యాభై ఏడేళ్ళు. మోకాళ్ళు రెండేళ్ళ కిందటే మొరాయించాయి. పై వరసలో నాలుగు కట్టుడు పళ్ళు, మీసానికి పదిహేను రోజులకోసారి రంగు. అయినా అధికారికంగా ఆయన యువకుడే. ఆ మాట రాసి ఉన్న గుర్తింపు కార్డు జేబులో ఉంది, యువకవి అన్న బిరుదు గోడకు వేలాడుతోంది.

ఉత్తరం చదివి ఆయన వరండాలో కూలబడ్డాడు. భార్య సుభద్రమ్మ కళ్ళజోడు సవరించుకుని తనూ చదివింది.

"పోనీలెండి, ఇప్పటికైనా పెద్దవాళ్ళయ్యేరు" అంది.

"ముప్పై అయిదేళ్ళుగా ఉన్నదాన్ని ఒక్క సాయంత్రంలో వదులుకోమంటే ఎలాగే?"

"నా వయసు పోయి పాతికేళ్ళయింది. నాకు ఎవళ్ళూ ఉత్తరం కూడా రాయలేదు" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈ చిత్రం అర్థం కావాలంటే అఖిల భారత యువజన సంఘాల మహామండలి నిబంధనావళిలో నాలుగో నిబంధన తెలియాలి. ఊరూరా ఉండే కుర్రకారు సంఘాలన్నిటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చిన జాతీయ సంస్థ అది. ముప్పై అయిదేళ్ళ కిందట కాకినాడలో దాని రాష్ట్ర శాఖ వెలిసినప్పుడు పదకొండుమంది చేరారు. ఢిల్లీ నుంచి వచ్చిన నిబంధనావళిని తెలుగు చేసే పని వాళ్ళందరిలోకీ చిన్నవాడైన ఉమాకాంతానికి అప్పగించారు. అప్పుడతనికి ఇరవై రెండేళ్ళు, ఛందస్సు కొత్తగా వంటబట్టిన రోజులు. వారం రోజులు కూర్చుని చేశాడు. నాలుగో నిబంధన ఇలా వచ్చింది: "సభ్యుడు ముప్పది యైదు సంవత్సరముల వరకు యువకుడుగా పరిగణింపబడును."

అప్పట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, అందరూ కుర్రాళ్ళే కనక. అధ్యక్షుడు నడింపల్లి జగ్గరాజు గారికి ముప్పై ఆరు వచ్చినప్పుడు ఎవరో సందేహం లేవదీశారు. రాజు గారు నిబంధనను రెండుసార్లు పైకి చదివారు.

"ఇందులో పుట్టినరోజు మాటెక్కడుందయ్యా? సభ్యుడైన దగ్గర్నుంచి ముప్పై అయిదేళ్ళు. తెలుగు రాదా నీకు?"

అడిగినవాడికి తెలుగు వచ్చు, అధ్యక్షుడికి ఎదురు చెప్పడమే రాదు. దాంతో అదే అర్థం ఖాయమైపోయింది. కొన్నాళ్ళకు ఈ వార్త ఢిల్లీ చేరింది. అక్కడి జాతీయ అధ్యక్షుల వారు అప్పుడు ముప్పై నాలుగేళ్ళ పదకొండు నెలల మీద ఉన్నారు. వెంటనే తెలుగు తర్జుమాను తెప్పించి, దాన్ని మళ్ళీ హిందీలోకీ ఇంగ్లీషులోకీ తర్జుమా చేయించి, అదే మూలమని తీర్మానించారు. ఒక తెలుగు కవి రాసిన వాక్యం కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా అమలు కావడం అదే మొదలు, బహుశా అదే ఆఖరు. ఉమాకాంతానికి యువకవి బిరుదు ఇచ్చింది ఆ ఏడే.

ఆ తరవాత మండలి కార్యక్రమాలు సభ్యులతోపాటే ఎదిగాయి. రక్తదాన శిబిరానికి వచ్చిన వాళ్ళందరికీ షుగరో బీపీయో ఉండడంతో అది రక్తపరీక్ష శిబిరంగా మారింది. వంద మీటర్ల పరుగును యాభై మీటర్ల నడకగా సవరించి, మధ్యలో ఒక బెంచీ వేశారు. కుర్చీలాట మానలేదు గాని, పాట ఆగినప్పుడల్లా ఒక కుర్చీ తీసెయ్యడం సభ్యుల గౌరవానికి భంగమని తీర్మానించి ఆ పద్ధతి ఎత్తేశారు. అప్పట్నుంచి ఆ ఆటలో ఎవరూ లేవడం లేదు.

పదకొండుమందికీ యవ్వనం ఒకే రోజున చెల్లిపోతుందని మాత్రం ఎవరికీ తట్టలేదు. మండలి కొత్తగా కొన్న కంప్యూటరుకు తట్టింది. దానికి పెద్దంతరం చిన్నంతరం లేదు, అధ్యక్షుడితో సహా అందరికీ నోటీసు కొట్టింది.

ఆ నోటీసు పట్టుకుని ఉమాకాంతం కార్యాలయానికి వెళ్ళేసరికి న్యాయ సలహాదారు కంచుమర్తి భాస్కరం ఎదురుగా ఒక అమ్మాయి కూర్చుని ఉంది. భాస్కరం రిటైరైన సబ్ రిజిస్ట్రారు. నాలుగో నిబంధన లోతు అందరికన్నా బాగా గ్రహించి, కావాలనే నలభై నాలుగో ఏట సభ్యుడయ్యాడు. ఇప్పుడు అరవై మూడు, ఇంకా పదహారేళ్ళ యవ్వనం చేతిలో ఉంది. అమ్మాయి పేరు గుత్తుల దేవమణి. ఇరవై ఆరేళ్ళు. ఉప్పుటేరు అవతల పల్లంలంకలో పాతికమంది కుర్రాళ్ళనూ ఆడపిల్లల్నీ కూడేసి సంఘం పెట్టింది. మండలి గుర్తింపు కోసం వచ్చింది.

"ఇప్పుడు చేరకమ్మా" అంటున్నాడు భాస్కరం, సొంత కూతురికి చెప్పినట్టు. "ఇరవై ఆరుకి చేరితే అరవై ఒకటికల్లా నీ యవ్వనం అయిపోద్ది. సదరు వ్యవధి ఒకమారు ప్రారంభమైన పిమ్మట నిలుపుదల చేయుటకు వీలుపడదు. నలభై అయిదు దాటేక రా. హాయిగా ఎనభై దాకా యువతిగా ఉండొచ్చు."

"మరిప్పుడు నేనేటండి?"

భాస్కరం నిబంధనావళి తిరగేశాడు. "నమోదు కానందున, ప్రస్తుతానికి ఏమీ కావు."

దేవమణి కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. "సరేనండి, ఆ సంగతలా ఉంచండి. మా ఏటి మీద ఒకప్పుడు మీ మండలోళ్ళు తాటి దూలాల వంతెన ఏసేరంట. పన్నెండేళ్ళు నిలబడిందంట. మేం మళ్ళీ ఏద్దామని రెండుసార్లు దిగేం. రెండుసార్లూ బురద మింగేసింది. పిల్లలు బడికి నాటు పడవ మీదే ఎళ్తన్నారండి. మొన్న వానకి పడవ తిరగబడింది. ఒడ్డు దగ్గర కాబట్టి అందరూ బతికేరు. అప్పుడు దూలాలు ఎలా దింపేరో ఎక్కడన్నా రాసుంటే ఇప్పించండి."

ఉమాకాంతం ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ దూలాలు మోసిన పదకొండుమందిలో ఆయనొకడు. జీవితంలో ఎన్ని పద్యాలు రాసినా ఆ వంతెన అంత గట్టిది ఇంకొకటి కట్టలేదని ఆయనకు తెలుసు. నోరు తెరవబోయాడు. భాస్కరం అందుకున్నాడు.

"ఆగస్టు వార్షికోత్సవ సందర్భంగా శాఖ చరిత్ర గ్రంథం వెలువడనున్నది. ప్రచురణానంతరం దరఖాస్తు చేసుకో అమ్మా."

ఆ చరిత్ర రాసే భారం మర్నాడు జరిగిన కార్యవర్గ సమావేశంలో ఉమాకాంతం మీదే పడింది. పదకొండుమందీ నోటీసులు చేత్తో పట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లల్లా కూర్చున్నారు. అరవై తొమ్మిదేళ్ళ జగ్గరాజు గారు లేచి, బల్ల ఆసరాతో నిలబడ్డారు.

"లోకంలో ప్రతి సంస్థా మాకు వందేళ్ళ చరిత్ర ఉంది, రెండొందలేళ్ళ చరిత్ర ఉందని రాయించుకుంటది. మనకంత దురాశ లేదు. మనకి కావలసింది తక్కువ చరిత్ర. ఓ పదిహేనేళ్ళు తగ్గితే చాలు."

భాస్కరం దానికి చట్టబద్ధమైన రూపం ఇచ్చాడు. "మొదటి పదిహేను సంవత్సరములను సన్నాహక కాలముగా పరిగణించినచో, శాఖ వాస్తవ స్థాపన ఇరువది సంవత్సరముల క్రితము జరిగినట్లగును. సభ్యత్వములు తదనుగుణముగా ఆ తేదీ నుండి లెక్కింపబడును."

"అంటే నాకెప్పటిదాకా?" అన్నారు రాజు గారు.

"ఎనభై నాలుగు దాకా ఢోకా లేదండి."

"మరా పదిహేనేళ్ళూ మనం ఏం చేసినట్టండీ?" అని ఉమాకాంతం అడిగాడు.

"సన్నద్ధమయ్యేం" అన్నారు రాజు గారు.

ఈ మాటకు ఉమాకాంతం లేచి నిలబడి ఉండాల్సింది. లేవలేదు. యాభై ఏడూ పదిహేనూ డెబ్బై రెండు అని ఆయన మనసు ఆయన్ని అడక్కుండానే కూడేసింది. డెబ్బై రెండు దాకా యువకవి. ఛీ అనుకున్నాడు గాని, ఆ ఛీ తీర్మానంలోకి ఎక్కలేదు. చరిత్ర రచనోపసంఘ సంచాలకుడిగా శాలువా కప్పించుకుని ఇంటికొచ్చాడు.

రాయడానికి కూర్చుంటే, వద్దన్న పదిహేనేళ్ళే ముందు వచ్చాయి. తుపానులో పాకలు లేచిపోయిన పేటలో నలభై ఇళ్ళు నేయడం, సారా పాకలో బడి నడపడం, పల్లంలంక వంతెన. వంతెన దగ్గరికి వచ్చేసరికి కలం ఆగలేదు. ఏ దూలం ఎవరి దొడ్లోంచి ఎవర్ని బతిమాలి తెచ్చారో, మొదటి రెండుసార్లు ఎందుకు కూలిందో, మూడోసారి చేపలు పట్టే ఒక ముసలి పల్లెకారు ఏం చెబితే నిలబడిందో, అన్నీ రాశాడు. నూట పన్నెండు పేజీలయ్యాయి. మిగతా ఇరవై ఏళ్ళూ అయిదు పేజీల్లో తేలిపోయాయి. ఆ ఇరవై ఏళ్ళలో మండలి నూట నలభై సన్మానాలు చేసింది. అందులో నూట ముప్పై ఎనిమిది సభ్యులు ఒకరికొకరు చేసుకున్నవి.

రాజు గారు ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివారు.

"మేష్టారూ, ఈ వంతెన తీసెయ్యండి."

"పన్నెండేళ్ళు నిలబడిందండి."

"నిలబడితే నిలబడింది. కట్టడానికి అప్పటికి మనం లేం గదా."

"మీ కుడి భుజం మీద మచ్చ ఆ దూలం మోసినప్పటిదే కదండీ."

రాజు గారి చెయ్యి తెలియకుండానే భుజం మీదికి వెళ్ళింది. కాసేపు అక్కడే ఉండిపోయింది. ఆయన కళ్ళలో ఏదో కదిలినట్టే అనిపించింది. తరవాత చెయ్యి దింపేసి, "అది కూడా సన్నాహకమే లెండి" అని పేజీ మొత్తం కొట్టేశారు. నూట పన్నెండు పేజీలూ అలాగే పోయాయి.

ఉమాకాంతం ఆ కాగితాలు చంకన పెట్టుకుని ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చున్నాడు. పళ్ళెం పక్కకు జరిపాడు. దుఃఖం వచ్చింది. "కుర్రాణ్ణని అనిపించుకోడానికి, నిజంగా కుర్రాడిగా ఉన్న రోజుల్ని కొట్టేసుకుంటున్నానే సుభద్రా" అన్నాడు.

"వాక్యం బాగుంది" అంది ఆవిడ. "ఇది కూడా ఎక్కడో చదివి శాలువా కప్పించుకోకండి."

ఇక మిగిలింది అనుబంధం. పుస్తకం చివర నిబంధనావళి అచ్చు వేయాలి. పాత ప్రతి కోసం ఉమాకాంతం అటక మీది ట్రంకుపెట్టె దింపాడు. అడుగున, ఢిల్లీ నుంచి వచ్చిన సైక్లోస్టైలు కాగితాలూ ఆయన చిత్తు ప్రతీ కలిసే ఉన్నాయి. ఇంగ్లీషు కాగితంలో నాలుగో నిబంధన చివర "థర్టీ ఫైవ్ ఇయర్స్ ఆఫ్ ఏజ్" అని ఉంది. చిత్తు ప్రతిలో "ముప్పది యైదు సంవత్సరముల వయస్సు వరకు" అని ఉంది. వయస్సు అన్న మాట మీద అడ్డగీత. పక్కన మార్జిన్లో ఇరవై రెండేళ్ళ ఉమాకాంతం ముత్యాల్లాంటి అక్షరాలు: "యువకుని గూర్చి చెప్పుచు వయస్సు అనుట రసభంగము."

ఆయన కాగితం పట్టుకుని నేల మీదే కూర్చుండిపోయాడు. ఈ దేశంలో ఇంతమంది తాతల్ని ఇన్నేళ్ళు కుర్రాళ్ళుగా నిలబెట్టింది తన రసదృష్టేనని తెలిసి మొదట నవ్వు వచ్చింది, తరవాత సిగ్గేసింది. సిగ్గే ఎక్కువసేపు ఉంది. గుర్తింపు కోసం వచ్చి, ఏమీ కావు అనిపించుకుని వెళ్ళిన పిల్ల గుర్తొచ్చింది. అలాంటివాళ్ళు ఊరికెంతమంది వచ్చి వెళ్ళిపోయారో.

సమావేశంలో లేచి చెప్పేద్దామనుకున్నాడు. అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూశాడు. రెండోసారి సగంలోనే ఆపేశాడు. ధైర్యం ఉన్నవాడు సభలో లేచి చెబుతాడు, లేనివాడు ప్రూఫులు దిద్దుతాడు. ఉమాకాంతం రెండో జాతివాడు. అనుబంధం ప్రూఫు తెప్పించుకుని, సంవత్సరముల తరవాత వయస్సు అని చేర్చి, ప్రెస్సుకు పంపించేశాడు.

ఆగస్టు పన్నెండున టౌన్‌హాల్లో "ఇరవై వసంతాల యువ ప్రస్థానం" ఆవిష్కరణ. ఢిల్లీ నుంచి డెబ్బై ఏడేళ్ళ కేంద్ర పరిశీలకుల వారు వచ్చారు. అరవై దాటిన యువకులు ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఆయన్ని వేదిక ఎక్కించారు. గుర్తింపు ఉన్నా లేకపోయినా పుస్తకం కావాలని దేవమణి కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. సరిగ్గా అయిదు గంటలకు, సభ్యుల యవ్వనం కొనసాగుతున్నదని ప్రకటించడానికి ముందు, భాస్కరం లేచి అనుబంధంలోంచి నాలుగో నిబంధన చదవడం మొదలుపెట్టాడు.

"సభ్యుడు ముప్పది యైదు సంవత్సరముల వయస్సు..."

అక్కడ ఆగిపోయాడు. పుస్తకాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు, దూరంగా పెట్టుకున్నాడు. ఆ మాట కదల్లేదు.  ఎందుకో గాని ఉమాకాంతం లేచాడు. 

"ఆ మాట నేనే పెట్టేనండి. ముప్పై అయిదేళ్ళ కిందట తీసేసిందీ నేనే. తప్పు నాది. అసలు నిబంధన ఇదే. మనం ఎవరం యువకులం కాదండి. ఎప్పుడో పెద్దవాళ్ళమైపోయేం. ఈ పుస్తకం కూడా అబద్ధమండి, పల్లంలంక వంతెన మనమే వేసేం."

 పరిశీలకుల వారి ముఖం పాలిపోయింది. ఆయన యవ్వనం కూడా ఆ మాట మీదే ఆధారపడి ఉంది. జగ్గరాజు గారు మాత్రం పుస్తకం తెప్పించుకుని ఆ వాక్యం నెమ్మదిగా చదివారు. సరిగ్గా ఒకప్పుడు చదివినట్టే రెండుసార్లు చదివారు.

"ముప్పై అయిదేళ్ళ వయస్సు వరకు అంది. బాగానే ఉంది. ఎవరి వయస్సో చెప్పిందా?"

భాస్కరం ముఖం విప్పారింది. "లేదండి. చెప్పలేదు. సందర్భమును బట్టి సంస్థ వయస్సు అని గ్రహింపవలెను. ఇప్పుడే ఆవిష్కరింపబడిన చరిత్ర ప్రకారము సంస్థకు ఇరువది సంవత్సరములు. సంస్థకు ముప్పది యైదు వచ్చువరకు సభ్యులెల్లరు యువకులే. సభ్యత్వ కాలముతో నిమిత్తమే లేదు."

"సంస్థకి ముప్పై నాలుగు వచ్చినప్పుడో?" అన్నారు రాజు గారు.

"మరియొక చరిత్ర వ్రాయించుకొనవచ్చునండి."

చప్పట్లు మొదలయ్యాయి. పరిశీలకుల వారు ఆ అర్థాన్ని కాగితం మీద రాసుకుని జేబులో భద్రం చేసుకున్నారు. లుప్తమైన పదాన్ని పరిశోధించి వెలికి తీసి, మండలికి శాశ్వత యవ్వనం ప్రసాదించినందుకు ఉమాకాంతానికి అక్కడికక్కడే నిత్యయువ అన్న బిరుదు ప్రకటించారు. అందరి యవ్వనం తీసేద్దామని లేచిన మనిషి, అందరికీ అమృతం పోసి కూర్చున్నాడు. శాలువా భుజాల మీద పడుతుంటే వద్దనడానికి ఆయనకు చేతులు రాలేదు. వెనక వరసలో దేవమణి పుస్తకం చివరిదాకా తిరగేసి, కుర్చీలో పెట్టేసి వెళ్ళిపోవడం మాత్రం చూశాడు.

వచ్చిన ఆదివారం పొద్దున్నే ఉమాకాంతం కొట్టేసిన నూట పన్నెండు పేజీలూ సంచిలో పెట్టుకుని నాటు పడవ ఎక్కాడు. పల్లంలంక రేవులో ఆటుకు నీళ్ళు వెనక్కి తీసి ఉన్నాయి. దేవమణి, మరో పదిమంది మోకాటి లోతు బురదలో తాటి దూలంతో పెనుగులాడుతున్నారు. ఆయన పలకరింపులు కూడా మరిచిపోయాడు.

"మొదలు కిందికి పెట్టేరా?"

"లావుపాటిది కిందే ఉండాల కదండీ" అంది దేవమణి.

"మేమూ అలాగనుకునే రెండుసార్లు మునిగేం. సన్నపు కొస కిందికి దించాలి, మొదలు పైకి ఉండాలి. మెత్తటి మన్ను దాటి కింద గట్టి బంకమన్ను తగిలేదాకా, అంటే రెండు మనిషి నిలువుల లోతు, దిగాలి. ఇదిగో, అన్నీ రాసేను."

దేవమణి చేతులు కడుక్కుని వచ్చి, గట్టు మీద నిలబడే వంతెన అధ్యాయం అంతా చదివింది. మధ్యలో రెండు ప్రశ్నలు అడిగింది. తరవాత దూలాన్ని తిరగేయించి, దానికి అడ్డంగా ఒక వాసం కట్టించింది. పదిమందీ దాని మీదికి ఎక్కి ఊగారు. దూలం దిగింది, దిగి దిగి ఒకచోట ఆగింది. ఇద్దరు కుర్రాళ్ళు పట్టుకుని లాగి చూశారు. కదల్లేదు. ఉమాకాంతానికి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళ సన్మానాల్లో ఒక్కసారి కూడా ఇంత సంతోషం కలగలేదు.

"నన్ను కూడా మీ సంఘంలో చేర్చుకోండమ్మా" అన్నాడు.

దేవమణి సంచిలోంచి నోటు పుస్తకం తీసి, పెన్ను మూత విప్పింది. పేరు రాసుకుంది.

"మీకు ఎన్నేళ్ళండి?"

మండలిలో చేరిన నాటి నుంచి ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. "యాభై ఏడు" అన్నాడు.

ఆ అమ్మాయి పేరు మీద అడ్డగీత కొట్టేసింది. "ముప్పై అయిదు దాటినోళ్ళని మేం చేర్చుకోవండి. రూలు. ఏమనుకోకండి బాబాయి గారూ."

ఉమాకాంతం పెద్దగా నవ్వాడు. బురదలో ఉన్న వాళ్ళు కూడా తిరిగి చూశారు. తను రాసిన నిబంధన ఇన్నాళ్ళకు ఒకచోట అమలవుతుంటే ఏమనుకుంటాడు? మంచి రూలమ్మా, మార్చకండి, అన్నాడు.

"మీరిలా గట్టు మీద కూర్చోండి. కిందికి దిగితే జారతారు" అని చెప్పి దేవమణి మళ్ళీ బురదలోకి వెళ్ళిపోయింది. ఆయన సంచి మీద కూర్చుని, మోకాళ్ళు రెండూ చాపుకున్నాడు. కుర్రాళ్ళు రెండో దూలం ఎత్తుతున్నారు.

"అది కూడా తలకిందులే" అని గట్టు మీంచి కేకేశాడు.